కాదు కాదంటే అవునేనా?

మా రోజుల్లో పదో తరగతి లెక్కల్లో మొదటి పాఠం ‘ప్రవచనాలు, సమితులు’. పి అంటే ఏదో ఒక వాక్యం. పట్టిక గీసి, పి కింద సత్యం, అసత్యం. ‘పి కాదు’ కింద అసత్యం, సత్యం. ‘పి కాదు కాదు’ కింద మళ్లీ సత్యం, అసత్యం. మొదటి నిలువు వరుస, మూడో నిలువు వరుస ఒకేలా ఉన్నాయి కాబట్టి రెండూ సమానం అని రాసేస్తే మార్కులు పడిపోయేవి. నాకూ పడ్డాయి. అర్థం కాలేదన్న సంగతి కూడా తెలియలేదు, అంతే.

బీకాం, పెళ్లి, పిల్లలు అన్నీ అయ్యాక ముప్పై ఆరేళ్లకు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకుందామని అమీర్‌పేటలో ఒక కోర్సులో చేరాను. మూడో వారంలో ఆ పాఠం మళ్లీ ఎదురైంది. ప్రాక్టీస్‌కిచ్చిన ప్రోగ్రాంలో ‘ఖాతా ఇన్‌యాక్టివ్ కాకపోతే మెయిల్ పంపు’ అని ఒక షరతు ఉంది. ఇన్‌యాక్టివ్ కాదంటే యాక్టివే కదా అనుకుని, ఆ రెండిటికే టెస్ట్ కేసులు రాసి ఊరుకున్నాను. తీరా చూస్తే ఖాతాకు మూడో స్థితి కూడా ఉంది, పెండింగ్. ఇంకా వెరిఫై కానివాళ్లు. వాళ్లకూ మెయిళ్లు వెళ్లిపోతున్నాయి, నా టెస్టుల్లో అది దొరకనే లేదు.

“రెండు కాదులు కొట్టుకుపోతాయి కదండీ?” అని అడిగాను.

“ఇక్కడ కొట్టుకుపోవు మేడమ్,” అని ఇన్‌స్ట్రక్టర్ తర్వాతి టాపిక్‌లోకి వెళ్లిపోయాడు. ఎందుకు కొట్టుకుపోవో చెప్పలేదు. నాకేమో టెన్షన్. ఇంత చిన్న విషయం కూడా రాకపోతే ఈ వయసులో ఇదంతా ఎందుకు అనిపించింది.

ఆదివారం ఊళ్లో ఉన్న మా లెక్కల మాస్టారికి ఫోన్ చేశాను. రిటైరై చాలా ఏళ్లయింది. కుశల ప్రశ్నలయ్యాక నా గోడు విని, “బుట్టలో మామిడికాయలున్నాయమ్మా. ‘అన్నీ పుల్లగా ఉన్నాయి.’ దీనికి నెగేషన్ చెప్పు, అంటే ఈ మాటను కాదను,” అన్నారు.

“అన్నీ తియ్యగా ఉన్నాయి.”

“సరే. దానికి మళ్లీ నెగేషన్?”

“అన్నీ పుల్లగా ఉన్నాయి. చూశారా మాస్టారూ, మొదటికే వచ్చింది!”

“వస్తుంది మరి. తప్పుదారిలో పోయి, అదే దారిలో వెనక్కొచ్చావు. బుట్టలో సగం పులుపు, సగం తీపి ఉన్నాయనుకో. నువ్వు చెప్పిన రెండు మాటల్లో ఏది నిజం?”

రెండూ అబద్ధమే. అక్కడ దొరికింది నాకు. ఒక మాట, దాని నెగేషన్, ఈ రెండిట్లో ఒకటి నిజమై తీరాలి, రెండోది అబద్ధం కావాలి. ‘అన్నీ పుల్లగా ఉన్నాయి’కి నెగేషన్ ‘పుల్లగా లేని కాయ ఒక్కటైనా ఉంది’. దానికి మళ్లీ నెగేషన్ ‘పుల్లగా లేని కాయ ఒక్కటీ లేదు’. ఇప్పుడు నిజంగా మొదటికొచ్చాం. నేను చేసింది నెగేషన్ కాదు, ఎదురుమాట చెప్పడం. రెండుసార్లు తిప్పితే మొదటికి రావడం నెగేషన్ లక్షణమే కానీ, మొదటికి వచ్చిందల్లా నెగేషన్ కాదు. యాక్టివ్, ఇన్‌యాక్టివ్ దగ్గర నేను పడింది కూడా ఈ గోతిలోనే. ఖాళీ బుట్టయితే ఏమవుతుందని అడిగాను. అది ఇంకో ఆదివారం అన్నారు.

అక్కడితో అయిపోలేదు. “ద్వౌ నఞౌ ప్రకృతమర్థం గమయతః” అని ఒక సంస్కృత న్యాయం కూడా చెప్పారు. బళ్లో చదివిన నఞ్ సమాసంలోని నఞే, ‘కాదు’ అని చెప్పే మాట. రెండు నఞ్‌లు చేరితే అసలు అర్థమే వస్తుందని. “కానీ రెండూ ఒకదాని మీదే పడాలి. ‘వాడు రాకుండా ఉండడు’ అంటే వస్తాడనే. మరి ‘రానని అనలేదు’ అంటే?”

ఫోన్ పెట్టేశాక పాత క్యాలెండర్ కాగితం వెనక బ్రాకెట్లు పెట్టి రాసుకున్నాను: కాదు (అన్నాను (కాదు (వస్తాను))). రెండు కాదుల మధ్య ‘అన్నాను’ గోడలా నిలబడింది. బయటి కాదు పడింది అనడం మీద, రావడం మీద కాదు. ఇక ఎలా కొట్టుకుపోతాయి?

2018 జులై 20న లోక్‌సభలో తెలుగుదేశం పెట్టిన అవిశ్వాస తీర్మానం గుర్తొచ్చింది. అనుకూలంగా 126, వ్యతిరేకంగా 325 ఓట్లు, తీర్మానం వీగిపోయింది. బిజూ జనతాదళ్ వాళ్లు ఓటింగ్ దాకా ఉండకుండా వాకౌట్ చేశారు. వాళ్లు అవిశ్వాసానికి ఓటేయలేదు నిజమే, అలాగని విశ్వాసం ప్రకటించినట్టూ కాదు. మా పెండింగ్ ఖాతాల్లాగే.

మర్నాడు టెస్ట్ కేసులు మూడు స్థితులకూ విడివిడిగా రాశాను. ఈసారి తప్పు దొరికింది.

ఇక్కడితో ఆపొచ్చు. కానీ నాకు పురుగు కుట్టింది. చదువుతూ పోతే నెదర్లాండ్స్ గణితవేత్త బ్రౌవర్ (1881–1966) తగిలాడు. గణితంలో ఒక వస్తువు, ఒక సంఖ్యే అనుకోండి, అది లేకపోవడం అసాధ్యం అని నిరూపిస్తే ఆయనకు చాలదు, ఆ వస్తువును చూపించాలి. ఆయన శిష్యుడు హైటింగ్ ఆ తర్కానికి నియమాలు రాసి 1930లో ప్రచురించాడు. అందులో ‘పి’ నుంచి ‘పి కాదు కాదు’కి వెళ్లొచ్చు. వెనక్కి రావడం మాత్రం అన్నిసార్లూ కుదరదు. తమాషా ఏమిటంటే, మూడు కాదులుంటే వాటిని ఒక కాదుకి తగ్గించొచ్చు.

ఇది తలకెక్కక కొట్టుకుంటున్న రోజుల్లోనే స్కూటీ తాళంచెవి కనపడకుండా పోయింది. “బండి మీదే ఇంటికొచ్చావు, బండి దగ్గర లేదు. ఇంట్లో లేకుండా ఎక్కడికి పోతుంది?” అన్నాడు మా ఆయన, పేపర్లోంచి తలెత్తకుండా. లేకపోవడానికి వీల్లేదు, ఒప్పుకున్నా. ఎక్కడుందో చెప్పమంటే మాత్రం చెప్పలేడు. బ్రౌవర్ కోపం నాకప్పుడు కాస్త తెలిసింది. పోలిక పూర్తిగా అతకదు లెండి, ఇల్లంతా గాలిస్తే తాళంచెవి ఎప్పటికో దొరుకుతుంది. అంతు లేని సంఖ్యల్లో అలా గాలించలేం.

రెండో రోజు సాయంత్రం పోపు వేస్తూ ఫ్రిజ్‌లోంచి కరివేపాకు కవర్ తీశాను. అందులో ఉంది.