ఆ తల్లి అడిగిన ప్రశ్న

నిన్న ఓపీలో ఒకావిడకి కాల్పోస్కోపీ (యోనిని, గర్భాశయ ముఖద్వారాన్ని భూతద్దంతో చూసే పరీక్ష) చేస్తూ లుగాల్స్ అయోడిన్ రాశా, మామూలు పొరకి ముదురు రంగు పట్టించే మందది. చుట్టూ ముదురు గోధుమ రంగుకి తిరిగింది, యోని పైగోడ మీద గోరంత చోటు మాత్రం రంగు పట్టలేదు. బయాప్సీకి పంపాం.

ఇవాళ రిపోర్టు: అడినోసిస్. ఉండకూడని చోట గ్రంథి కణాలు. క్యాన్సర్ కాదు. ఆవిడ కంటే ముందు నేనే ఊపిరి పీల్చుకున్నా.

పీజీలో మా మేడమ్ చెప్పిన బోస్టన్ సంగతి గుర్తొచ్చింది. చిన్న వయసు అమ్మాయిలకి యోని క్యాన్సర్! తాను కడుపుతో ఉన్నప్పుడు వేసుకున్న డీఈఎస్ మాత్రల (గర్భస్రావం కాకుండా అప్పట్లో ఇచ్చిన కృత్రిమ హార్మోన్) వల్లేమోనని ముందు అనుమానపడింది ఆ అమ్మాయిల్లో ఒకరి తల్లే. 1971లో అక్కడి డాక్టర్ హెర్బ్‌స్ట్ బృందం లెక్క తీస్తే, జబ్బు వచ్చిన 8 మందిలో ఏడుగురి తల్లులు ఆ మందు వాడినవాళ్లే.

అడినోసిస్‌కీ ఆ మందుతో సంబంధం ఉంది. అందుకే ఆవిడనీ అడిగా, "మీరు కడుపులో ఉన్నప్పుడు అమ్మగారు ఏమైనా మందులు వాడారామ్మా?"

"ఏమో డాక్టరమ్మా, చెప్పడానికి అమ్మ లేదుగా."