విజిటర్ వీసా మీద సంపాదించిన డబ్బుకు అమెరికాలో పన్ను కట్టాను: నా అనుభవం

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే మన తల్లుల్లో కొందరు అక్కడ వేరేవాళ్ల పసిపిల్లల్ని చూసుకుంటారు. కొందరు వంట చేసిపెడతారు, ఇంకొందరు పచ్చళ్లు, పిండివంటలు చేసి అమ్ముతారు. చేతికి క్యాష్ వస్తుంది. ఎవరూ పైకి చెప్పుకోరు కాబట్టి, ఆ డబ్బుకు పన్ను కట్టాలా అని అడుగుదామంటే తెలిసినవాళ్లు దొరకరు. నాకూ దొరకలేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

2023 సెప్టెంబరు చివర్లో ఖమ్మం నుంచి టెక్సస్‌లోని ఫ్రిస్కోకు, మా అబ్బాయి దగ్గరికి వెళ్లాను. బి-2 వీసా, అంటే విజిటర్ వీసా. అదే అపార్ట్‌మెంట్లలో ఒక తెలుగు జంట ఉండేవారు. ఆ అమ్మాయికి మెటర్నిటీ లీవు అయిపోయింది, వాళ్లమ్మకు వీసా రాలేదు, డేకేర్‌లో జనవరి దాకా చోటు లేదు. "ఆంటీ, మీరుంటే బాబును వదిలి ధైర్యంగా ఆఫీసుకు వెళ్తాను" అంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బాబును చూసుకున్నాను. నెలకు 1,400 డాలర్ల చొప్పున 4,200 డాలర్లు ఇచ్చారు. ప్రతి నెలా ఎంత ఇచ్చిందీ నోటుబుక్కులో రాసుకున్నాను. బి-2 మీద డబ్బు తీసుకుని పనిచేయడానికి అనుమతి లేదు. తెలుగువాళ్ల ఇల్లే కదా, పసిబిడ్డే కదా అంటే చట్టం ఒప్పుకోదు.

నేను ప్రభుత్వ టీచరుగా రిటైరయ్యాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఫిబ్రవరి వచ్చిందంటే ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్కలు వేసుకునేవాళ్లం. జనవరిలో మా అబ్బాయి తన డబ్ల్యూ-2 (ఏడాది జీతం, కోసిన పన్ను చూపిస్తూ యజమాని ఇచ్చే కాగితం) కోసం చూస్తుంటే, మరి నా డబ్బు సంగతేమిటని అడిగాను. వాడికీ తెలియదు. అక్కడి నుంచి మొదలైంది టెన్షన్.

ఫోన్లో దొరికిన మొదటి ట్యాక్స్ కన్సల్టెంట్ "క్యాషే కదమ్మా, వదిలేయండి" అన్నాడు. రెండో ఆయన, మామూలు 1040 రిటర్న్ ఫారం వేసి 13,850 డాలర్ల స్టాండర్డ్ డిడక్షన్ (పన్ను లెక్కకు ముందే ఆదాయంలోంచి తీసేసే మొత్తం) తీసుకుంటే పన్నే ఉండదన్నాడు. ఎవరిదో సోషల్ సెక్యూరిటీ నంబరు (అక్కడి ప్రభుత్వం మనిషికొకటి ఇచ్చే నంబరు) మీద చూపిస్తే సరిపోతుందని చెప్పిన మనిషీ ఉన్నాడు. అది నేరం. దయచేసి ఎవరూ ఆ మాట వినకండి.

రెండో ఆయన సలహా చాలామంది నమ్మేలా ఉంటుంది కాబట్టి అదెందుకు తప్పో చెబుతాను. 1040 ఫారం పన్ను లెక్కలో రెసిడెంట్ అయినవాళ్లకు. గ్రీన్ కార్డు లేనివాళ్లు రెసిడెంటా కాదా అన్నది అక్కడ ఉన్న రోజుల్ని బట్టి తేలుతుంది: ఈ ఏడాది రోజులు, నిరుటివాటిలో మూడో వంతు, అంతకు ముందువాటిలో ఆరో వంతు కలిపితే 183 రావాలి. నావి అందులో సగం దాకా వచ్చాయంతే. కాబట్టి నేను నాన్ రెసిడెంట్‌ని, నా ఫారం 1040-ఎన్ఆర్. అందులో స్టాండర్డ్ డిడక్షన్ లేదు. మన దేశంతో అమెరికాకు ఉన్న పన్ను ఒప్పందంలో 21వ ఆర్టికల్ కింద ఇండియా స్టూడెంట్లకు అది దొరుకుతుంది, విజిటర్లకు దొరకదు. అదే ఒప్పందంలో 183 రోజుల్లోపు ఉంటే జీతం మీద పన్ను లేదన్న మాట కూడా ఉంది. కానీ జీతమిచ్చేవాళ్లు అమెరికాలో ఉండేవాళ్లు కాకపోతేనే అది వర్తిస్తుంది. అంటే నా 4,200కు మొదటి డాలరు నుంచే పది శాతం. దాదాపు 420 డాలర్లు. టెక్సస్‌లో రాష్ట్ర ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు, ఆ మేరకు నయం.

తర్వాత ఒక ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడాం. నా మనసుకు అన్నిటికన్నా సాయపడింది ఆ సంభాషణే. పన్ను కట్టినంత మాత్రాన చేసిన పనికి అనుమతి వచ్చినట్టు కాదని ఆమె మొదటే చెప్పేశారు. అనుమతి లేని పనైనా వచ్చింది ఆదాయమే కాబట్టి లెక్క చూపాల్సిందేనని, రిటర్న్ వేయకపోతే ఆ ఏడాది ఫైలు ఎన్నేళ్లయినా తెరిచే ఉంటుందని వివరించారు. మళ్లీ వీసాకు వెళ్లేటప్పుడు డీఎస్-160 అనే వీసా దరఖాస్తులో వీసా షరతులు ఎప్పుడైనా ఉల్లంఘించారా అన్న ప్రశ్న ఉంటుంది. దానికి నిజమే రాయాలన్నారు. ఆ జవాబు వల్ల వీసా రాకపోవచ్చు కూడా. అది తెలిసే సిద్ధపడ్డాను.

బాబు తల్లిదండ్రులను డబ్ల్యూ-2 అడిగాను. ఇంట్లో పనిచేసిన మనిషికి 2023లో 2,600 డాలర్లు దాటి ఇస్తే వాళ్లు తమ రిటర్న్‌తో షెడ్యూల్ హెచ్ అనే ఫారం వేసి సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు కట్టాలి. వాళ్లు భయపడ్డారు, ఇవ్వలేదు. నాకు బాధేసింది కానీ గొడవ పెట్టుకోలేదు. 1040-ఎన్ఆర్‌లో 1బి అనే లైను ఉంది. డబ్ల్యూ-2 రాని ఇంటిపని జీతం అక్కడే చూపాలి. నోటుబుక్కు చూసి 4,200 వేశాను.

చేయి వణికింది అదే రిటర్న్‌లోని షెడ్యూల్ ఓఐ అనే భాగం దగ్గర. ఏ దేశ పౌరులు, ఏ వీసా, ఏ తేదీన వచ్చారు, ఏ తేదీన వెళ్లారు, గత మూడేళ్లలో ఏ ఏడాది ఎన్ని రోజులున్నారు, అన్నీ అడుగుతుంది. ఒక పేజీలో జీతం, ఇంకో పేజీలో బి-2. ఐ-94 (అమెరికాలోకి వచ్చిపోయిన రికార్డు) వెబ్‌సైటులో నా రాకపోకల తేదీలు చూసుకుని ఉన్నదున్నట్టు నింపాను.

సోషల్ సెక్యూరిటీ నంబరు లేదు కాబట్టి ఐటిన్, అంటే పన్ను కోసమే ఇచ్చే నంబరు కావాలి. దానికి డబ్ల్యూ-7 ఫారం, కారణం 'బి' గడి (రిటర్న్ వేసే నాన్ రెసిడెంట్), దాంతోపాటే రిటర్న్. పాస్‌పోర్టును పోస్టులో పంపడం నాకిష్టం లేదు. తిరుగు ప్రయాణం దగ్గర పడుతోంది. కొన్ని ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ) ఆఫీసుల్లో పాస్‌పోర్టు అక్కడికక్కడే చూసి తిరిగిచ్చేస్తారు, ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. ఫిబ్రవరిలో డాలస్‌లో దొరికింది. కౌంటర్లో ఉన్నాయన పాస్‌పోర్టు, వీసా పేజీ చూసి, ఫారాలు సరిచూసుకుని తీసుకున్నాడు. ఎందుకు పనిచేశావని అడగలేదు. నేను రాత్రంతా జవాబులు కూడబలుక్కుని వెళ్లాను. యునైటెడ్ స్టేట్స్ ట్రెజరీ పేరు మీద మా అబ్బాయి రాసిన చెక్కు రిటర్న్‌కు జతచేశాం. గడువుకు ముందే ఇచ్చాం కాబట్టి పెనాల్టీ ఏమీ పడలేదు. మార్చి మధ్యలో నేను ఖమ్మం వచ్చేశాక, 9తో మొదలయ్యే ఐటిన్ నంబరు ఉత్తరంలో అబ్బాయి ఇంటికి వచ్చింది.

ఇక్కడితో అయిపోయిందనుకుంటే పొరపాటు. ఈ సగం గురించి అక్కడ ఒక్కరూ చెప్పలేదు. 2023-24 ఆర్థిక సంవత్సరంలో నేను ఇండియాలో 182 రోజులకు పైనే ఉన్నాను, కాబట్టి ఇక్కడ రెసిడెంట్‌ని. ఎక్కడ సంపాదించినా ఇక్కడా చూపాలి. ఏటా వేసే ఐటీఆర్-1 పనికిరాదు, ఐటీఆర్-2 వేయాలి. అక్కడ కట్టిన పన్నుకు ఇక్కడ తగ్గింపు కావాలంటే పోర్టల్‌లో ఫారం 67 నింపాల్సి వచ్చింది. డాలర్లను ఏ రేటుకు మార్చాలో కూడా నిబంధనే ఉంది: స్టేట్ బ్యాంక్ టీటీ బయ్యింగ్ రేటు, అంటే బ్యాంకు మన దగ్గర డాలర్లు కొనే రేటు. పన్ను కట్టినట్టు రుజువుగా క్యాష్ అయిన చెక్కు కాపీ పెట్టాను. ఆ ఆదాయం మీద ఇక్కడ ఎంత పన్ను పడుతుందో అంతవరకే తగ్గిస్తారు. కాబట్టి అక్కడ కట్టిందంతా కలిసిరాలేదు. మా ఊరి ఆడిటరు గారికి ఫారం 67 కొత్త, ఇద్దరం కూర్చుని చదువుకుంటూ నింపాం. జులై 31 లోపు వేసేశాం.

ఇప్పుడు ఈ పనిలోకి దిగేవాళ్లు ఒక విషయం గమనించాలి. నేను వేసినప్పుడు, పన్ను వివరాలు చట్టప్రకారం గోప్యం, ఇమిగ్రేషన్‌వాళ్లకు మామూలుగా వెళ్లవని లాయరు ధైర్యం చెప్పారు. 2025 ఏప్రిల్లో అమెరికా ట్రెజరీ, హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ శాఖల మధ్య కొన్ని రకాల కేసుల్లో వివరాలు ఇచ్చిపుచ్చుకునే ఒప్పందం కుదిరింది, దాని మీద కోర్టుల్లో వివాదం నడిచింది. అందుకని ట్యాక్స్ కన్సల్టెంట్ దగ్గరికి వెళ్లే ముందే ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడండి. వెళ్లేటప్పుడు ఐ-94 తేదీలు, ఎవరు ఎప్పుడు ఎంత ఇచ్చారో రాసిపెట్టుకున్న కాగితం తీసుకెళ్లండి. లాయరు మొదట అడిగేవి అవే.