ఇంటి పన్ను రసీదులో ఆ ఒక్క లైన్

ఈసారి ఇంటి పన్ను కట్టాక రసీదు ఒకసారి నిదానంగా చూడండి. లైబ్రరీ సెస్ అని ఉంటుంది. రూపాయి పన్నుకి 8 పైసలు. అంటే 5000 పన్ను కట్టే ఇల్లు ఏడాదికి 400 లైబ్రరీకి ఇస్తున్నట్టే, ఆ ఇంట్లోవాళ్లు ఎప్పుడూ దాని గడప తొక్కకపోయినా సరే. 1960 గ్రంథాలయాల చట్టం ప్రకారం సాగే పద్ధతి, తెలంగాణలోనూ ఆంధ్రాలోనూ నడుస్తోంది. పంచాయతీ అయినా మున్సిపాలిటీ అయినా ఆ డబ్బు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకి పంపాలి. వసూలైతే ఠంచనుగా అవుతుంది, పంపే దగ్గరే చాలాచోట్ల ఏళ్లకేళ్లు బకాయిలు, ఇంక కొత్త పుస్తకాలు ఎక్కణ్ణించి వస్తాయి చెప్పండి.

"అన్నీ ఫోన్లోనే ఉన్నాయి కదా, ఇంకా లైబ్రరీలెందుకు" అనేవాళ్లని హైదరాబాద్ చిక్కడపల్లిలో సిటీ సెంట్రల్ లైబ్రరీకి ఒకసారి వెళ్లి చూడమంటాను. గ్రూప్స్‌కి, కానిస్టేబుల్‌కి, డీఎస్సీకి ప్రిపేరయ్యే పిల్లలు పొద్దున్నుంచి రాత్రిదాకా అక్కడే. ఊళ్లో అమ్మానాన్నా పొలం పనికెళ్లి పంపే డబ్బులతో ఒక్క రూమ్‌లో నలుగురైదుగురు సర్దుకునేవాళ్లు, పీడీఎఫ్‌లు ఫోన్లో బోలెడుంటాయి సరే, కానీ కదలకుండా నాలుగ్గంటలు కూర్చుని చదువుకోవడానికి చోటేది? ప్రైవేటు స్టడీ హాల్‌కి వెళ్తే నెలనెలా ఫీజు. లైబ్రరీలో ఎవరూ ఏమీ అడగరు, ఎవరి పిల్లవి, ఏం కొంటావు, ఎంతసేపుంటావు, ఏమీ అడగరు. అలాంటి చోటు మన ఊళ్లల్లో ఇంకొకటి చూపించండి. గుడి ఉంది, కానీ గుళ్లో పుస్తకం ముందేసుకుని రోజంతా కూర్చోలేం కదా.

చిన్న బ్రాంచి లైబ్రరీలు కూడా అంతే. పొద్దున్నే ఒకే పేపర్‌ని పేజీలు విడదీసి నలుగురు పెద్దవాళ్లు పంచుకుని చదువుతుంటారు, ఎండాకాలం సెలవుల్లో పిల్లలొస్తారు, ఆడపిల్ల ఇంట్లో చెప్పి ధైర్యంగా వెళ్లగలిగే చోటు కూడా అదే. నాకు అన్నిటికంటే ఇదే ముఖ్యం అనిపిస్తుంది.

అసలు ఇవి సర్కారు దయతో మొదలైనవి కావండి. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం, అన్నీ జనం పూనుకుని పెట్టుకున్నవే. గ్రంథాలయోద్యమాన్ని నడిపిన అయ్యంకి వెంకటరమణయ్య గారు 1914లో బెజవాడలో గ్రంథాలయాల వాళ్లందర్నీ ఒకచోటికి చేర్చారు. 1935లో అయితే పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి నుంచి కొల్లిపర వైపు కాలువలో పడవ మీద పుస్తకాలు తీసుకెళ్లి గట్టు మీది ఊళ్లవాళ్లకి ఇచ్చారు, తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. అంత చేసినవాళ్ల తర్వాత మనం కనీసం కట్టిన డబ్బు ఎటు పోయిందని అయినా అడగాలి కదా.

అడగడం కష్టమేం కాదు. మన దగ్గర సెస్ ఎంత వసూలైంది, అందులో ఎంత పంపారు, ఈ రెండు ప్రశ్నలు తెల్లకాగితం మీద రాసి సమాచార హక్కు కింద ఇవ్వడమే. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. మా వీధివాళ్లం కొందరం కలిసి ఇచ్చాం, జవాబు రాగానే ఇక్కడే పెడతాను. మీ ఊళ్లో ఎవరైనా ఇప్పటికే అడిగుంటే ఏం చెప్పారో కింద రాయండి.