కోసిన సలాడ్ ఆకు ఎన్నాళ్లు నిలుస్తుందో పొలంలో తేల్చుకున్న తీరు: నా అనుభవం

చేవెళ్ల వైపు మా ఎర్ర చెల్కలో లెట్యూస్ వేయడం మొదలుపెట్టిన కొత్తలో దాన్ని మొక్క మొత్తంగానే అమ్మేవాళ్లం. తర్వాత హైదరాబాద్‌లో సలాడ్లు తయారుచేసే ఒక సంస్థ ఆకును కోసి, కడిగి, ప్యాకెట్లలో ఇవ్వమని అడిగింది. ధర బాగానే ఉంది కాని షరతు కూడా గట్టిదే: ఫ్రిజ్‌లో వారం రోజుల పాటు ఆకు అంచులు ఎర్రబారకూడదు, జిగురు పట్టకూడదు, ప్యాకెట్ విప్పితే పులిసిన వాసన రాకూడదు.

ఇటువంటి షరతు ఎదురైనప్పుడు ఎవరైనా ముందుగా ప్యాకింగ్ గదినే చక్కదిద్దుకుంటారు, మేమూ అదే చేశాం. మొద్దు కత్తి ఆకును కోయడం కన్నా నలపడమే ఎక్కువగా చేస్తుంది కాబట్టి పదునైన స్టీలు కత్తులు తెచ్చుకున్నాం. క్లోరిన్ కలిపిన చల్లని నీళ్లలో కడిగి, గిరగిర తిప్పి నీరు తీసేసే డ్రమ్ములో ఆరబెట్టి, 5 డిగ్రీలు దాటని గదిలో పెట్టాం. లెట్యూస్‌కు సరైన నిల్వ ఉష్ణోగ్రత 0 డిగ్రీలని తెలిసినా, మా స్థాయిలో దాన్ని నిలకడగా కాపాడటం సాధ్యం కాదు. పండ్లు మాగేటప్పుడు వెలువడే ఇథిలీన్ వాయువు తగిలితే లెట్యూస్ ఈనెల మీద గోధుమరంగు మచ్చలు వస్తాయి గనుక మాగే మామిడి, అరటి, టమాటాలను ఆ గదిలోకి రానివ్వలేదు. ఇవన్నీ కుదిరాక కూడా ఒక మడి ఆకు వారం దాటి నిలిస్తే, పక్క మడి ఆకు నాలుగో రోజుకే నీరు కారడం మొదలుపెట్టేది. కత్తి, నీళ్లు, కవరు, గది అన్నీ ఒకటే అయినప్పుడు తేడా పొలం నుంచే వస్తూ ఉండాలి.

అందుకని ఒక శీతకాలం పంటనంతా పోల్చి చూడటానికే కేటాయించాం. పొడుగాటి ఆకుల లెట్యూస్ అయిన రొమైన్‌లో ఒకే రకం నారును ఆరుబయట మడుల్లో, షేడ్‌నెట్ (నీడ వల) కింద, పాలీహౌస్‌లోని హైడ్రోపోనిక్స్ (మట్టి లేకుండా పోషకాలు కలిపిన నీటిలో పెంచే పద్ధతి) పైపుల్లో నాటాం. ఒకే వయసులో కోసి, ఒకే తొట్టిలో కడిగి, ఏ ప్యాకెట్ ఎక్కడిదో అడుగున రాసి ఒకే అరలో పెట్టాం. రోజూ కొన్ని ప్యాకెట్లను తూచి బరువు ఎంత తగ్గిందో రాసుకొని, విప్పి అంచుల రంగు, వాసన, ఆకు బిగువు చూసేవాళ్లం. అడుగున రాసింది చూడకుండానే మా ఇంటివాళ్లు మార్కులు వేసేవారు. పెద్ద ప్రయోగశాల అవసరం లేకుండానే అసలు తేడాలు ఈ పద్ధతిలో బయటపడ్డాయి.

అన్నిటికన్నా స్పష్టంగా కనిపించింది నత్రజని ప్రభావం. యూరియా రెండోసారి పైపాటుగా వేసిన మడుల్లో ఆకు ముదురు పచ్చగా, వెడల్పుగా, బరువుగా వచ్చింది. చేనులో చూసినవాళ్లు దాన్నే మెచ్చుకున్నారు. ప్యాకెట్లో మాత్రం ముందుగా చెడింది అదే. నత్రజని ఎక్కువైతే ఆకు వేగంగా పెరుగుతుంది, కణాలు పెద్దవై గోడలు పలచబడతాయి, నీటి శాతం పెరిగి పొడి పదార్థం, చక్కెరలు, విటమిన్ సి తగ్గుతాయి, వాడుకోని నైట్రేట్ ఆకులోనే పేరుకుంటుంది. కోసిన ఆకు ప్రాణంతోనే ఉంటుంది, శ్వాసిస్తూనే ఉంటుంది. కాని కొత్తగా ఏమీ సంపాదించుకోలేదు గనుక దాచుకున్న చక్కెరలనే ఖర్చు చేసుకుంటూ బతకాలి. పలుచని గోడల కణాలు కత్తికి, డ్రమ్ముకు సులువుగా చిట్లుతాయి, చిట్లిన చోట కారిన రసం మీదే బ్యాక్టీరియా పెరుగుతుంది. చిక్కేమిటంటే రైతుకు డబ్బు వచ్చేది కిలోల లెక్కన. బరువు పెంచే ఎరువే నిల్వను తగ్గిస్తున్నప్పుడు ఏ వైపు మొగ్గాలన్నది ధర మాట్లాడుకోకుండా తేలే విషయం కాదు.

నీళ్ల సంగతి కూడా ఇలాంటిదే. కోతకు ముందు రోజు నిండుగా తడిపితే ఆకు పెళపెళలాడుతూ నిగనిగలాడుతుంది, కాని అంత బిగిసిన ఆకు చేతిలోనే విరుగుతుంది. చివరి రోజుల్లో తడిని కాస్త తగ్గించిన మడుల్లో ఆకు కొంచెం చిన్నదైనా మందంగా వచ్చి, ఫ్రిజ్‌లో మెరుగ్గా నిలిచింది. మరీ ఎండగడితే చేదెక్కుతుంది కాబట్టి ఈ తగ్గింపుకు హద్దు ఉంది. స్ప్రింక్లర్‌ను పూర్తిగా మానేసి డ్రిప్‌కు, మట్టిని కప్పే మల్చింగ్ షీటుకు మారడం వల్ల ఆకు మీద మట్టి చిమ్మడం ఆగింది, రాత్రంతా ఆకు తడిగా ఉండే పరిస్థితీ పోయింది.

హైడ్రోపోనిక్స్ మీద నాకు చాలా ఆశలు ఉండేవి. మట్టి అంటని ఆకు, కడగడం తేలిక, ప్రతి మొక్కా ఒకే సైజు. వేళ్లతో సహా అమ్మితే ఆ మొక్క నిజంగానే చాలా రోజులు తాజాగా ఉంటుంది. అదే ఆకును కోసి ప్యాక్ చేస్తే మాత్రం ఆరుబయట మితంగా ఎరువు వేసి పెంచిన ఆకును మించలేదు. వేళ్లకు నీరూ నత్రజనీ ఏనాడూ తక్కువ కాకపోవడం వల్ల ఆకు మరీ లేతగా ఉంటుందని అర్థమయ్యాక, పోషక ద్రావణం ఈసీని (అందులోని లవణాల గాఢతను చూపే కొలతను) కొద్దిగా పెంచి, కోతకు ముందు కొన్ని రోజులు అందులోని నైట్రేట్‌ను తగ్గించి చూశాం. ఆకు మందం పెరిగింది, నిల్వ కూడా. కాని ఈసీ పెరిగే కొద్దీ లోపలి లేత ఆకుల కొసలు మాడటం అనే మరో సమస్య వచ్చింది. కాల్షియం మొక్కలో నీటి ప్రవాహంతో పాటే పైకి వెళుతుంది. గాలి ఆడని, తేమ నిండిన పాలీహౌస్‌లో లోపలి ఆకుల నుంచి నీరు ఆవిరి కాదు గనుక ద్రావణంలో ఎంత కాల్షియం నైట్రేట్ ఉన్నా కొసలకు అందదు. ప్యాక్ చేసేటప్పుడు కంటికి ఆనని ఆ మాడిన అంచు నుంచే కుళ్లు మొదలవుతుంది. పైన పిచికారీ చేసిన కాల్షియం ముడుచుకున్న ఆకుల లోపలికి చేరదు, ఫ్యాన్లు పెట్టి గాలి కదిలించడమే పనిచేసింది. షేడ్‌నెట్ కింద పెరిగిన ఆకు శీతకాలంలో అన్నిటికన్నా పలుచగా వచ్చింది. డిసెంబరు ఎండ లెట్యూస్‌కు హాని చేసేది కాదు కాబట్టి ఆ నెలల్లో నెట్ తీసేయడమే మంచిదని తేలింది.

కోత వేళ గురించి మా ఇంట్లోనే పెద్ద చర్చ జరిగింది. ఆకుకూర తెల్లవారుజామునే కోయాలన్నది మా ప్రాంతంలో అందరూ పాటించే పద్ధతి, వేసవిలో అది పూర్తిగా సరైనది కూడా. ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2005లో ప్రచురించిన అధ్యయనం మాత్రం, సలాడ్ లేత ఆకులను సాయంత్రం కోస్తే ఎక్కువ రోజులు నిలుస్తాయని చూపింది. పగలంతా తయారైన చక్కెరలు సాయంత్రానికి ఆకులో నిండుగా ఉంటాయి, రాత్రి శ్వాసలో తరిగిపోతాయి. డిసెంబరు, జనవరిలో మేం పొద్దుగూకే వేళకు కోసి, వెంటనే చల్లని గదిలో పెట్టి, మర్నాడు ఉదయం ముక్కలు చేసి చూస్తే ఫలితం అలాగే వచ్చింది. ఫిబ్రవరి చివరికి సాయంత్రం ఆకు వడలి, వేడెక్కి ఉండటంతో ఆ లాభం పోయింది, మళ్లీ తెల్లవారుజాముకే వచ్చాం. మా అమ్మ పాటించే తెల్లవారుజాము పద్ధతీ, ఆ పరిశోధనా రెండూ తమ తమ వాతావరణానికి సరిగ్గానే ఉన్నాయి.

కొనేవారు పదేపదే అడిగిన ప్రశ్న సేంద్రియ సాగులో ఆకు ఎక్కువ రోజులు నిలుస్తుందా అని. నేను చూసినంతలో నిల్వను నిర్ణయించేది ఆ పేరు కాదు. నత్రజని నెమ్మదిగా అందే వర్మీకంపోస్ట్ మడుల ఆకు బాగానే నిలిచింది, యూరియాను తక్కువ మోతాదుల్లో వేసిన మడులదీ దాదాపు అంతే. మాగని పేడను మాత్రం సలాడ్ మడుల దగ్గరికి రానివ్వలేదు. ఈ ఆకును వండరు, పచ్చిగానే తింటారు. క్లోరిన్ నీళ్లలో కడిగినా ఆకు మీది సూక్ష్మజీవుల్లో 90 నుంచి 99 శాతం వరకే పోతాయి, లక్షల్లో ఉన్నప్పుడు మిగిలిన ఒక్క శాతమూ తక్కువేమీ కాదు. 2006లో అమెరికాలో ప్యాకెట్ పాలకూర తిని ఈ.కోలై అనే బ్యాక్టీరియా సోకి దాదాపు 200 మంది జబ్బుపడినప్పుడు, ఆ జాడ కాలిఫోర్నియాలోని పొలాల వరకు వెళ్లింది. మూసీ మురుగునీటితో ఆకుకూరలు పండుతున్న సంగతి తెలిసిన హైదరాబాద్ కొనుగోలుదారు నీళ్లెక్కడివని అడగడం న్యాయమే. అందుకే బోరు నీటి పరీక్ష కాగితాన్ని ముందుగానే చూపించాం.

చివరకు కుదిరిన ఒప్పందం ఇది. యూరియా పైపాటు ఒక్కసారికే పరిమితం చేసి, చివరి తడులు తగ్గించినందుకు మా దిగుబడి తగ్గుతుంది కాబట్టి ఆ మేరకు కిలో ధర పెంచారు. వారం లోపు చెడిన ప్యాకెట్ల నష్టం మాది. సరఫరా అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకే. ఎండలు ముదిరాక ఇక్కడి లెట్యూస్ పూతకు వచ్చి చేదెక్కుతుంది, పైపుల్లో నీరు వేడెక్కి వేరుకుళ్లు పడుతుంది. ఆ నెలల్లో వారు నీలగిరి కొండల్లో పండిన లెట్యూస్ తెప్పించుకుంటారు, మేం తోటకూర, గోంగూర వేసుకుంటాం.