యాటను కోసి శుభ్రం చేయడం: మా సిరోంచ పద్ధతి

మాంసం రుచి పొయ్యి మీద తేలుతుందని చాలామంది అనుకుంటారు గానీ, అందులో సగానికి పైగా పొయ్యి ముట్టించక ముందే, తోలు తీసి కడుపు విప్పే ఆ గంటలోనే తేలిపోతుందని నా గట్టి నమ్మకం. నాకు ఈ పని నేర్పినవాడు మా మేనమామ. మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకాలో, ప్రాణహిత నదికి దగ్గరలో ఉన్న మా ఊళ్లో పండక్కి యాటను, అంటే మేకనో పొట్టేలునో, కోయాలంటే ఇప్పటికీ ఆయన్నే పిలుస్తారు. ఆయనకు ఈ విద్య మా తాత దగ్గర అబ్బింది. తాతది వేట కాలం. అడవిలో పడ్డ జంతువును అక్కడే చెట్టుకు వేలాడదీసి, ఆకుల మీద శుభ్రం చేసి, చీకటి పడకముందే పోగులు పెట్టి పంచిన తరం ఆయనది.

ఆ వేట ఇప్పుడు లేదు, ఉండకూడదు కూడా. 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. అడవిలో చచ్చి దొరికిన జంతువు సైతం ఆ చట్టం 39వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ ఆస్తే కాబట్టి, దాని మాంసాన్ని ఇంటికి తెచ్చుకునే హక్కు ఎవరికీ లేదు. అడవులు పలచబడిన తీరు కళ్లారా చూస్తున్నవాడిగా ఆ చట్టం న్యాయమైనదనే అంటాను. అయితే వేటతో పాటు తాత చేతిలోని పనితనం కూడా పోవలసిన అవసరం లేదు. అది మేకపోతు మీదా, పొట్టేలు మీదా, పెరటి కోడి మీదా అంతే చక్కగా నిలుస్తుంది.

నిజానికి ఆ పనితనం విలువ బాగా తెలిసేది మేడారంలో. రెండేళ్లకోసారి జరిగే సమ్మక్క సారలమ్మ జాతరకు మా వైపు నుంచి గోదావరి వంతెన దాటి వెళ్లే కుటుంబాలు మొక్కు యాటను అక్కడే కోసి, అక్కడే వండుకుంటాయి. అక్కడ కొక్కెం ఉండదు, కుళాయి ఉండదు. ఒక చెట్టు కొమ్మ, రెండు బిందెల నీళ్లు, నేల మీద పరిచిన ఆకులు, అంతే. నీళ్లు తక్కువైనప్పుడు మురికి చేయకుండా పని చేసేవాడెవరో, చేసిన మురికిని కడుగుతూ కూర్చునేవాడెవరో వెంటనే తెలిసిపోతుంది. అడవిలో తాతలు చేసిన పని కూడా ఇలాంటిదే.

పని ముందు రోజు రాత్రే మొదలవుతుంది. యాటకు మేత ఆపి నీళ్లు మాత్రం పెట్టాలి. పొట్ట తేలికగా ఉంటే కడుపు విప్పేటప్పుడు పగిలే ప్రమాదం తగ్గుతుంది. నీళ్లు తాగిన జంతువు తోలు సులువుగా ఊడుతుంది. కోసిన తరువాత రక్తం పూర్తిగా కారనివ్వాలి, ఎందుకంటే లోపల నిలిచిన రక్తం మాంసాన్ని తొందరగా పాడు చేస్తుంది. కారిన రక్తాన్ని పళ్లెంలో పట్టి నల్ల (రక్తం కూర) వండుకునే ఇళ్లు మా దగ్గర చాలానే ఉన్నాయి.

తోలు తీయడంలో కత్తికి చాలా తక్కువ పని ఉంటుందని తెలిసినప్పుడు నేను ఆశ్చర్యపోయాను. వెనక కాలి మడమ దగ్గర ఒక గాటు, అక్కడి నుంచి తొడ లోపలి వైపుగా ఒక గీత, పొట్ట మధ్యగా మెడ దాకా మరొక గీత. కత్తి అవసరం ఇంచుమించు అక్కడితో తీరిపోతుంది. ఆ మీదట ఒక చేత్తో తోలు అంచును బిగించి పట్టుకొని, రెండో చేతి పిడికిలిని తోలుకీ మాంసానికీ మధ్య దూర్చి నెట్టుకుంటూ పోవాలి. "కత్తితోని గుంజకు బిడ్డా, పిడికిలితోని నూకు" అని మామ పదే పదే అనేవాడు. పిడికిలి కదిలే చోట తెల్లటి పలచని పొర చిన్న చప్పుడుతో విడిపోతుంది, కింద మాంసం మీద సన్నని మెరుపు మిగులుతుంది. ఆ మెరిసే పొర చెక్కు చెదరకుండా ఉంటే మాంసం గాలికి తడారి చాలాసేపు నిలుస్తుంది. కత్తి వాడితే అటు మాంసమూ తెగుతుంది, ఇటు తోలుకు చిల్లు పడి దాని ధరా పడిపోతుంది. తోలు వదులు కావడానికి కాలి గాటులోంచి నోటితో గాలి ఊదే అలవాటు కొందరికి ఉంది. అది మాంసానికీ ఊదేవాడికీ మంచిది కాదు, పిడికిలి బాగా ఆడితే దాని అవసరమే రాదు.

ఇక్కడ ఒక నియమాన్ని మామ ఎంత కఠినంగా పాటిస్తాడో చెప్పాలి. వెంట్రుకలను పట్టుకున్న చెయ్యి మాంసాన్ని తాకకూడదు. ముదురు మేకపోతుకు ఉండే వాసన ప్రధానంగా దాని చర్మంలోనూ వెంట్రుకల్లోనూ ఉంటుంది. అదే చేత్తో తొడను ముడితే ఆ వాసన కూరలోకి వస్తుంది, ఎంత అల్లం వెల్లుల్లి నూరి పోసినా పోదు. "మేక మాంసం వాసన" అని ముఖం తిప్పుకునేవాళ్లలో చాలామంది తిన్నది అశ్రద్ధగా తోలు తీసిన మాంసమేనని నా అభిప్రాయం.

కడుపు విప్పడం అన్నింటికంటే ఓపిక కావలసిన పని. మొదట మెడ దగ్గర అన్ననాళాన్ని విడదీసి దారంతో ముడి వేయాలి, లేకపోతే వేలాడదీసినప్పుడు పొట్టలోని పచ్చి మేత నోటి వైపు జారి మెడ మాంసం మీద పడుతుంది. తరువాత తోక కింద ఆసనం చుట్టూ గుండ్రంగా కోసి, పేగు కొసను బయటికి లాగి దాన్నీ ముడి వేయాలి. ఈ రెండు ముడులూ పడ్డాకే పొట్ట మీద కత్తి పెట్టాలి. అప్పుడు కూడా కత్తి మొన లోపలికి చూడకూడదు. చిన్న రంధ్రం చేసి, ఎడమ చేతి రెండు వేళ్లు లోపల పెట్టి పేగులను వెనక్కి నొక్కి పట్టి, ఆ వేళ్ల మధ్య కత్తి అంచు పైకి ఉండేలా నడిపించాలి. పొట్ట, పేగులు వాటి బరువుకే ముందుకు జారుతాయి. మూత్రపు తిత్తిని దాని మూతి దగ్గర వేళ్లతో నొక్కి పట్టి, ఒక్క చుక్క కారకుండా విడిగా తీసేయాలి.

కార్జం (కాలేయం) దగ్గర తొందర పడకూడదు. దానికి అంటుకొని ఆకుపచ్చగా కనిపించే పైత్యపు తిత్తిని, దాన్ని పట్టుకున్న కొద్దిపాటి కార్జంతో సహా కోసి పారేయడమే క్షేమం. ఆ చేదు ఒక్కసారి అంటితే కడిగినా వదలదు. ఆ తరువాత కార్జాన్ని వెలుతురులో పెట్టి చూడాలి. నునుపుగా, ముదురు ఎరుపు రంగులో ఉండి, కోసిన చోట శుభ్రంగా ఉంటే మంచిది. కోసిన నాళాల్లోంచి ఆకులాగా చదునైన పురుగులు బయటపడితే అవి కార్జపు జలగలు, ఆ కార్జం వండకూడదు. కార్జం మీద గానీ ఊపిరితిత్తుల మీద గానీ నీళ్లు నిండిన తెల్లని బుడగలు కనిపిస్తే వాటిని కుక్కలకు వేయడం పెద్ద తప్పు. వాటిని తిన్న కుక్కలో బద్దెపురుగులు పెరిగి, వాటి గుడ్లు పెంటలో కలిసి మళ్లీ మేకలకీ, మనుషులకీ చేరతాయి. అలాంటివి లోతుగా పాతిపెట్టాలి, లేదా కాల్చేయాలి.

దీనికంటే ముఖ్యమైన సంగతి, దానంతటది చచ్చిన జంతువును అసలే కోయకూడదు. ముఖ్యంగా ఉన్నట్టుండి చచ్చి, ముక్కులోంచీ ఆసనంలోంచీ గడ్డకట్టని నల్లటి రక్తం కారుతుంటే అది దొమ్మ రోగం (ఆంత్రాక్స్) కావచ్చు. శవాన్ని కోస్తే ఆ సూక్ష్మజీవులు గాలి తగిలి గట్టి బీజాలుగా మారి ఏళ్ల తరబడి మట్టిలో బతుకుతాయి. పశువైద్యుడికి కబురు పెట్టి, తాకకుండా దూరంగా ఉండడమొక్కటే మార్గం. పోయిన డబ్బు కోసం ఆ మాంసాన్ని తక్కువ ధరకు పంచుకునే అలవాటు మన ఊళ్లలో ఇంకా ఉంది, అది ప్రాణాల మీదికి తెస్తుంది.

లోపలంతా ఖాళీ అయ్యాక నీళ్లు గుమ్మరించడం చాలామంది చేసే పని. మామ అలా చేయడు; శుభ్రమైన తడిగుడ్డతో మరకలున్న చోట మాత్రమే తుడిచి, నీడలో గాలి తగిలేలా వేలాడదీస్తాడు. తడిసిన మాంసం త్వరగా జిగట పడుతుంది. ఎండాకాలంలో 45 డిగ్రీలు చూసే మా ప్రాంతంలో ఈ జాగ్రత్త చాలా అవసరం. కోసిన కొన్ని గంటలకు మాంసం బిగుసుకుంటుంది, ఆ సమయంలో వండితే ఎంత ఉడికినా పీచులాగే ఉంటుంది. కాబట్టి బిగుసుకోకముందే వండేయాలి, లేదా చల్లటి చోట ఉంచి ఆ బిగువు సడలే దాకా ఆగాలి. జాతరలో మొదటి దారి, ఇంట్లో ఫ్రిజ్ ఉన్నవాళ్లకు రెండో దారి.

బోటి శుభ్రం చేయడం ఆడవాళ్ల పని అని మా ఊళ్లో వదిలేస్తారు, నాకది నచ్చదు. కడుపు విప్పినవాడే బోటి కూడా కడగాలి. పొట్టను తిరగేసి మేత దులిపి, వేడినీళ్లలో సున్నం కలిపి ముంచి, నల్లటి పొరను కత్తి వీపుతో గీకితే తెల్లటి బోటి బయటపడుతుంది. పుస్తకం పుటల్లా పొరలు పొరలుగా ఉండే మూడో గదిని ఒక్కో పొర విప్పి కడగకపోతే కూరలో ఇసుక తగులుతుంది.

ఇరవై కిలోల యాటలో తొమ్మిది, పది కిలోల మాంసం వస్తుంది. చింత మొద్దు మీద నరికి, ఎముకలూ మెత్తటి ముక్కలూ కార్జమూ అన్ని పోగుల్లోనూ సమానంగా పడేలా సర్దుతారు. మిగిలిన మెత్తటి మాంసాన్ని వేలి మందాన పొడవుగా చీల్చి, ఉప్పు, పసుపు, కారం పట్టించి తీగ మీద ఆరేస్తే వరుగులవుతాయి. ఈ పని ఎండ గట్టిగా ఉన్న నెలల్లోనే చేయాలి, సాయంత్రం మంచు పడకముందే లోపలికి తీసుకోవాలి. ముక్కను విరిచినప్పుడు లోపల కూడా తడి లేకుండా పుటుక్కున విరిగితేనే డబ్బాలో పోసి మూత పెట్టాలి.