పన్నెండు నిమిషాల డాక్యుమెంటరీ, తొమ్మిది నెలల పర్మిషన్లు

కెనడాలోని విన్నిపెగ్‌లో నా ఫిల్మ్ కోర్సు ఆఖరి ప్రాజెక్టు, 12 నిమిషాల డాక్యుమెంటరీ. ఫాస్టర్ కేర్‌లో, అంటే ప్రభుత్వం సొంతింటి నుంచి తీసుకెళ్ళి వేరేవాళ్ళింట్లో పెట్టగా పెరిగే ఆదివాసీ పిల్లల మీద తీస్తానని అరగంటలో డిసైడ్ అయిపోయా. షూటింగ్ మొత్తం నాలుగు రోజులు, పర్మిషన్లకే తొమ్మిది నెలలు.

ఖమ్మంలో అమ్మకి ఫోన్‌లో చెప్తే ఫస్ట్ అడిగింది, "పిల్లల్ని ఎందుకు తీసుకుపోతారురా, తల్లిదండ్రులు తాగి కొడతారా?" అని. నిజం చెప్పాలంటే నేనూ అంతే అనుకున్నా. తీరా చదివితే, ఎక్కువ ఫైళ్ళలో రాసేది కొట్టడం కాదు, "నిర్లక్ష్యం" అని, దాని వెనక చూస్తే ఇరుకు ఇల్లు, ఖాళీ ఫ్రిజ్, అంటే లేమి. 2021 సెన్సస్‌లో కెనడా మొత్తం మీద 15 ఏళ్ళ లోపు పిల్లల్లో ఆదివాసీలు 7.7 శాతం, ఫాస్టర్ కేర్‌లో ఉన్నవాళ్ళలో మాత్రం 53.8 శాతం. మా రాష్ట్రం (ఇక్కడ ప్రావిన్స్ అంటారు) మానిటోబాలో అయితే కేర్‌లో ఉన్న పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది వాళ్ళే.

నా మొదటి ప్లాన్ ఏంటంటే ఒక ఫాస్టర్ ఇంటికెళ్ళి పిల్లల్ని షూట్ చేసి మొహాలు బ్లర్ చెయ్యడం. కాలేజీ ఎథిక్స్ కమిటీ ఫారం తిప్పి పంపేసింది. గొంతు, చొక్కా, ఇంటి ముందు కుక్క, వీటితో ఎవరైనా గుర్తుపడతారు కదా అన్నారు. ఇంకో ప్రశ్న నాకసలు తట్టనే లేదు, పిల్లాడి తరఫున సంతకం ఎవరు పెడతారు? గార్డియన్ అంటే పిల్లాణ్ణి తీసుకెళ్ళిన శిశు సంక్షేమ ఏజెన్సీయే. ఏజెన్సీని ప్రశ్నించే సినిమాకి ఏజెన్సీయే పర్మిషన్ ఇవ్వాలన్నమాట! సరే, 18 దాటి కేర్ నుంచి బయటికొచ్చినవాళ్ళే చాలనుకున్నా.

రెండోసారి కూడా ఫారం వెనక్కే. "ఫుటేజ్ ఎవరిది?" అన్నచోట "నాది" అని రాశా, ఇంకెవరిది అనుకుంటాం మనం. ఇక్కడి ఆదివాసీల్లో ఫస్ట్ నేషన్స్ అనే వాళ్ళకి ఓక్యాప్ అని ఒక పద్ధతుంది, 1998 నుంచి, మా గురించిన సమాచారం మాది, ఎవరు చూడాలో ఎక్కడ దాచాలో మేమే చెప్తాం అని. ఫైనల్ కట్ దాకా ఎప్పుడైనా తప్పుకోవచ్చు, రా ఫుటేజ్ వాళ్ళకే ఇచ్చేస్తా అని రాస్తే అప్పుడు ఓకే అయింది.

తర్వాత అసలు పని. ఒక కమ్యూనిటీ వర్కర్ చెప్పారు, పెద్దవాళ్ళని ఏదైనా అడగాలంటే ముందు పొగాకు ఇవ్వాలని. మా ఇంట్లో మూడు తరాల్లో ఎవరూ ముట్టనిది నేను ఐడీ చూపించి కొనుక్కొచ్చి, ఎర్రగుడ్డలో మూటకట్టి పట్టుకెళ్ళా. నేను కలవబోయిన పెద్దావిడ, అందరూ కోకుమ్ అంటారు (క్రీ అనే ఆదివాసీ భాషలో అమ్మమ్మ), అది తీసుకుని, ఫిల్మ్ సంగతి వదిలేసి మీదే ఊరు, మీ అమ్మానాన్న ఎక్కడుంటారు అని మొదలుపెట్టారు, అచ్చం మా ఊళ్ళో అరుగు మీద కూర్చున్నట్టే. కెమెరా లేకుండా మూడుసార్లు వెళ్ళా. మూడోసారి వాళ్ళ తమ్ముడి గురించి చెప్పారు. 1951లో ఇండియన్ యాక్ట్ (ఇక్కడి ఆదివాసీల మీద కెనడా చట్టం) మార్చాక ప్రావిన్సుల శిశు సంక్షేమ చట్టాలు రిజర్వుల్లోకీ, అంటే ఆదివాసీలకి కేటాయించిన భూముల్లోకీ వచ్చాయి, ఆ తర్వాత పిల్లల్ని తీసుకెళ్ళి తెల్లవాళ్ళకి దత్తతిచ్చేశారు, కొందర్ని అమెరికాకి కూడా. మానిటోబా 1982లో గానీ దేశం దాటించడం ఆపలేదు, 1985లో జడ్జి కిమెల్మన్ రిపోర్టు దీన్ని సాంస్కృతిక జాతిహననం అనేసింది. తమ్ముడు ఎక్కిన కారు రంగు ఆవిడకి ఇంకా గుర్తుంది.

వాళ్ళ మనవరాలు కేర్‌లో పెరిగిన అమ్మాయి, తను మాట్లాడింది. ఇల్లు మారిన ప్రతిసారీ బట్టలు నల్ల చెత్తకవర్లో కట్టిచ్చేవారట. రఫ్ కట్ చూపిస్తే ఒక షాట్ తీసెయ్యమంది, ఇంట్లో ఒకరు ఇంకా కేర్‌లోనే ఉన్నారు, గుర్తుపడతారని. మొత్తం సినిమాలో బెస్ట్ షాట్ అది. నేను పది నిమిషాలు వాదించా, సిగ్గులేకుండా. తను ఏం మాట్లాడలేదు, కోకుమ్ లేచి టీ పెట్టడానికి వెళ్ళిపోయారు, అప్పటికి గానీ నాకు బుర్ర పనిచెయ్యలేదు. తీసేశా. అందులో ఏముందో ఇక్కడ కూడా చెప్పను. దాని బదులు తన చేతులు మాత్రమే, చెత్తకవర్ మడత పెడుతూ.

కాలేజీలో వెయ్యకముందే వాళ్ళింట్లో ఎనిమిదిమందికి వేశాం, బానక్ రొట్టె, టీ. హార్డ్ డ్రైవ్ వాళ్ళకే ఇచ్చేసి వచ్చా, దాని బిల్లు డబ్బులు కాలేజీ ఇంకా ఇవ్వలేదు.