అమ్మ పాదాలకు ఊలు మేజోళ్ళు

గత నవంబరులో అమ్మ నరసాపురం నుంచి ఎడింబరోకు వచ్చినప్పుడు ఇక్కడి చలి ముందుగా ఆమె పాదాలకే తెలిసింది. కొన్న మేజోళ్ళు వేసుకుంటే వాటి అంచులోని ఎలాస్టిక్ సాయంత్రానికి చీలమండ పైన ఎర్రటి గీత పెట్టేది. వాటిని విప్పేసి చీర కుచ్చెళ్ళలో పాదాలు ముడుచుకుని కూర్చునేది. ఆ గీతను చూసిన రోజునే, ఆమె కాలి కొలతతో ఒక జత అల్లాలని నిశ్చయించుకున్నాను.

పగలంతా తిరిగిన పాదం కొద్దిగా ఉబ్బుతుంది కాబట్టి కొలతలు సాయంత్రం పూటే తీసుకున్నాను. పాదం చుట్టుకొలత 22 సెంటీమీటర్లు, పొడవు 23. మేజోడు చుట్టుకొలత కాలికంటే దాదాపు పదోవంతు తక్కువ ఉంటేనే జారకుండా అంటిపెట్టుకుని ఉంటుంది. అంటే 20 సెంటీమీటర్ల గొట్టం కావాలి. 2.25 మిల్లీమీటర్ల సూదులమీద నా చేతి బిగువుకు 10 సెంటీమీటర్లలో 32 కుట్లు వస్తాయి కనుక లెక్క 64 కుట్ల దగ్గర తేలింది. ఊలు 75 శాతం, నైలాన్ 25 శాతం ఉన్న 100 గ్రాముల ఉండ ఒకటి తీసుకున్నాను. ఊలు తన బరువులో దాదాపు మూడోవంతు తేమను పీల్చుకున్నా తడిసినట్టు అనిపించదు. అయితే మడమ దగ్గర రాపిడికి అది ఒక్కటే నిలవదు, అందుకే నైలాన్ తోడు.

అమ్మ చిన్నప్పటి నుంచి లేసు అల్లిన మనిషి. నరసాపురం క్రోషియా లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చిన వార్తను మా ఇంట్లో అందరికీ చదివి వినిపించింది కూడా ఆమే. నా చేతిలో రెండు వైపులా మొనలున్న అయిదు సూదులను చూసి, "ఒక్క కొక్కెంతో అయ్యే పనికి ఇన్ని పుల్లలెందుకే?" అని అడిగింది. క్రోషియాలో ప్రతి కుట్టూ అక్కడికక్కడే పూర్తయి దాదాపు ముడిలా నిలుస్తుంది. అందుకే లేసు ఆకారం చెదరదు, అంతగా సాగదు. సూదులతో అల్లేటప్పుడు వరుసలోని కుట్లన్నీ తెరిచి ఉండి, ఒకదానిలోంచి ఒకటి వంపు తిరుగుతూ పోతాయి కాబట్టి బట్ట సాగి మళ్ళీ దగ్గరికి వస్తుంది. కాలికి కావలసింది ఆ సాగే గుణమే. ఎలాస్టిక్ లేకుండా పై అంచు నిలవడానికి రెండు కుట్లు నిట్ (మామూలు ఎదురు కుట్టు), రెండు కుట్లు పర్ల్ (దాన్నే తిరగేసిన కుట్టు) చొప్పున 5 సెంటీమీటర్లు అల్లాను. ఒకప్పుడు నేను అల్లిన జతకు మొదటి వరుసే బిగుసుకుపోయి మడమ దూరలేదు. అందుచేత ఈసారి రెండు సూదులను కలిపి పట్టుకుని వాటిమీద కుట్లు ఎక్కించాను.

నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం మడమ. సగం కుట్లను, అంటే 32ను, పక్కన ఉంచి, మిగిలిన 32 మీద మాత్రమే ముందుకూ వెనక్కూ 32 వరుసలు అల్లాలి. నిట్ వరుసల్లో ఒక కుట్టు అల్లి, ఒక కుట్టును అల్లకుండానే పక్క సూదిమీదికి జార్చుతూ పోతే వెనక దారం పరుచుకుని బట్ట మందంగా తయారవుతుంది. ఆ తరువాత వరుసను చివరిదాకా అల్లకుండా మధ్యలోనే తిరిగి, ప్రతి మలుపులోనూ రెండు కుట్లను ఒకటిగా కలుపుతూ వస్తే, 32 కుట్లు 18 అయ్యేసరికి చదునుగా ఉన్న ముక్క మన కళ్ళ ముందే దొప్పలా వంగుతుంది. కత్తిరింపు లేదు, కుట్టుపని లేదు. ఎన్ని జతలు అల్లినా ఆ వంపు రాగానే నేను పని ఆపి దాన్ని అరచేతిలో పెట్టుకుని చూస్తాను. మడమ ముక్క రెండు అంచుల నుంచి పదహారేసి కుట్లు ఎత్తుకుంటే మొత్తం 82 అవుతాయి; వరుస విడిచి వరుసలో రెండేసి తగ్గిస్తూ 18 వరుసల్లో మళ్ళీ 64కు చేరాలి.

పాదం భాగంలో విశేషమేమీ లేదు. గుండ్రంగా అల్లుకుంటూ పోవడమే. సూదుల మధ్య సందు పడకుండా ప్రతి సూదిలోనూ మొదటి రెండు కుట్లను కాస్త బిగించాలి. ఒకచోట నేను అది మరచిపోయాను. అమ్మ చూడకుండానే, వేలితో తడిమి ఆ వదులు వరుసను పట్టుకుంది. తొమ్మిది వరుసలు విప్పి మళ్ళీ అల్లాను.

వేళ్ళ దగ్గర వరుస విడిచి వరుసలో నాలుగేసి కుట్లు తగ్గించుకుంటూ వచ్చి, 16 మిగిలినప్పుడు ఎనిమిదేసి చొప్పున ఎదురెదురుగా పెట్టి, కుట్టుసూదితో అల్లిక దారినే నడిపిస్తూ మూసివేయాలి. ఇలా చేస్తే గట్టు పడదు, వేలికి ఒత్తుకోదు. మొదటి మేజోడును నేను మూస్తుంటే అమ్మ పక్కన కూర్చుని చూసింది. రెండోదాని సూది మాత్రం నా చేతిలోంచి తీసుకుని తానే మూసింది. నా మూతలో కలిపిన చోటు కొద్దిగా తెలుస్తుంది, అమ్మ మూతలో తెలియదు.

గోరువెచ్చని నీళ్ళలో జాడించి, పిండకుండా తువ్వాలులో చుట్టి నీరు ఒత్తి, నీడలో ఆరబెట్టాను. ఆ మరునాడు ఉదయం వేసుకున్న వాటిని అమ్మ రాత్రి పడుకునేముందు విప్పింది. చీలమండ పైన గీత లేదు.